వాహనాల భద్రతా రీకాల్

అమ్ముడైన వాహనాలలో ప్రమాదానికి దారితీయగల లోపం బయటపడినపుడు, తయారీ సంస్థ ఆ వాహనాలను తిరిగి రప్పించి, యజమాని వద్ద సొమ్ము తీసుకోకుండా సరిచేసి ఇచ్చే ప్రక్రియను వాహనాల భద్రతా రీకాల్ అంటారు. రీకాల్ అనగా వెనక్కి పిలవడం. అయితే బండి సాధారణంగా కర్మాగారానికి వెళ్ళదు. దగ్గరలోని అధీకృత డీలరు వర్క్‌షాపులోనే లోపమున్న భాగాన్ని పరీక్షించి, అవసరమైతే మార్చి, అదే రోజు లేదా మరునాడు తిరిగి అప్పగిస్తారు.

కంపెనీ ప్రకటన వెలువడినంత మాత్రాన రీకాల్ పూర్తయినట్లు కాదు. ఒక్కొక్క బండి వర్క్‌షాపుకు వచ్చి, దానిలోని భాగం మారినపుడే ఆ బండికి సంబంధించి రీకాల్ పూర్తవుతుంది. చేతులు మారిన బండ్లు, వారంటీ ముగిసిన తరువాత స్థానిక గ్యారేజీలలోనే బాగుచేయించుకునే బండ్లు ఈ పిలుపు అందకుండానే రోడ్లమీద తిరుగుతుంటాయి. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పట్టణాలలో ఈ సమస్యకు ప్రాధాన్యత ఎక్కువ.

## వారంటీకి, రీకాల్‌కు తేడా

వారంటీ అనేది కొనుగోలుదారుకు, తయారీదారుకు మధ్య ఉన్న ఒప్పందం. దానికి కాలపరిమితి, కిలోమీటర్ల పరిమితి ఉంటాయి. బండి చెడిపోయాక యజమాని వెళ్ళి అడిగితే వారంటీ పని జరుగుతుంది. రీకాల్‌లో బండి ఇంకా చెడిపోయి ఉండనక్కరలేదు. చెడిపోయే అవకాశం ఉన్నదని తెలిసిన వెంటనే కంపెనీయే యజమానిని పిలవాలి. వారంటీ ముగిసినా, బండి రెండవ లేదా మూడవ యజమాని చేతిలో ఉన్నా రీకాల్ మరమ్మత్తు ఆ బండికే వర్తిస్తుంది.

ఇవిగాక 'సర్వీసు క్యాంపెయిన్' అనే మూడవ రకం కూడా ఉంది. ప్రాణభద్రతతో సంబంధం లేని లోపాలను (తలుపు శబ్దం, తెర మీద అంకెలు సరిగా కనిపించకపోవడం మొదలైనవి) బండి సర్వీసుకు వచ్చినపుడు సరిచేయడాన్ని ఇలా పిలుస్తారు. కొన్ని సంస్థలు రీకాల్ అనే మాట వాడడానికి వెనుకాడి, భద్రతకు సంబంధించిన పనులను కూడా క్యాంపెయిన్ అనే పేరుతో చేయడం కద్దు. 2010లో కొన్ని నానో కార్లు మంటలకు గురైనపుడు టాటా మోటార్స్ దానిని రీకాల్ అనలేదు. అదనపు రక్షణ ఏర్పాట్లను ఉచితంగా అమర్చుతామని మాత్రమే ప్రకటించింది.

## చరిత్ర

రీకాల్‌కు చట్టబద్ధత మొదట అమెరికాలో వచ్చింది. 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రతా లోపాలపై రాసిన పుస్తకం పెద్ద చర్చకు దారితీసింది. 1966లో అక్కడి ప్రభుత్వం వాహన భద్రతా చట్టం చేసింది. 1978లో ఫోర్డ్ సంస్థ పెట్రోలు ట్యాంకు లోపం వలన సుమారు 15 లక్షల పింటో తరహా కార్లను వెనక్కి పిలిచింది. ఈ శతాబ్దంలో జపానుకు చెందిన టకాటా ఎయిర్‌బ్యాగులు అన్నిటికన్నా పెద్ద రీకాల్‌కు కారణమయ్యాయి. ఎయిర్‌బ్యాగును ఉబ్బించే భాగంలో వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికి, తేమకు క్రమంగా పాడై, ప్రమాద సమయంలో లోహపు డబ్బా ముక్కలై ప్రయాణికులకు తగిలేది. ప్రపంచమంతటా కోట్లాది కార్లలో ఈ భాగాన్ని మార్చవలసి వచ్చింది. టకాటా సంస్థ 2017లో దివాలా తీసింది. భారతదేశంలోనూ హోండా తదితర సంస్థలు లక్షల కార్లలో ఈ భాగాన్ని మార్చాయి.

భారతదేశంలో చాలాకాలం రీకాల్‌కు ప్రత్యేక చట్టం లేదు. 2010 ఫిబ్రవరిలో మారుతి సుజుకి ఇంధనం కారే అవకాశమున్నదని సుమారు లక్ష ఎ-స్టార్ కార్లను వెనక్కి పిలవడం అప్పట్లో పెద్ద వార్త అయింది. 2012 జూలైలో భారతీయ వాహన తయారీదారుల సంఘం (సియామ్) స్వచ్ఛంద నియమావళిని అమలులోకి తెచ్చింది. 2013లో జనరల్ మోటార్స్ సుమారు 1.14 లక్షల టవేరా బండ్లను, ఫోర్డ్ ఇండియా సుమారు 1.66 లక్షల ఫిగో, ఫియస్టా క్లాసిక్ కార్లను రీకాల్ చేశాయి. ఇవన్నీ స్వచ్ఛంద నియమావళి కాలంలో జరిగినవే.

## చట్టం

మోటారు వాహనాల (సవరణ) చట్టం, 2019 ద్వారా మూల చట్టంలో 110ఎ సెక్షన్ చేరింది. దీని ప్రకారం పర్యావరణానికి, డ్రైవరుకు, ప్రయాణికులకు లేదా రోడ్డుపై ఉన్న ఇతరులకు హాని కలిగించే లోపం ఒక రకం వాహనాలలో ఉన్నదని తేలితే, వాటిని వెనక్కి పిలవమని కేంద్రప్రభుత్వం తయారీదారును ఆదేశించవచ్చును. అపుడు తయారీదారు బండి పూర్తి ధరను తిరిగి ఇవ్వాలి, లేదా బదులు బండి ఇవ్వాలి, లేదా మరమ్మత్తు చేయాలి. లోపం ఒక విడిభాగంలో ఉంటే, ఆ భాగాన్ని అమర్చిన వాహనాలన్నిటికీ ఆదేశం వర్తిస్తుంది.

ఇదే సెక్షన్‌లో మరొక ముఖ్యాంశం ఉంది. తయారీదారు తానే లోపాన్ని గుర్తించి, ప్రభుత్వానికి తెలియజేసి రీకాల్ ప్రారంభిస్తే జరిమానా ఉండదు. లోపాన్ని దాచిపెట్టడం కన్నా చెప్పుకోవడమే లాభమయ్యేటట్లు చేయడం దీని ఉద్దేశ్యం. ప్రభుత్వ ఆదేశాన్ని పాటించని తయారీదారుకు 182ఎ సెక్షన్ కింద 100 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనలలో తప్పనిసరి రీకాల్‌కు 10 లక్షల నుండి ఒక కోటి రూపాయల వరకు జరిమానాలు నిర్ణయించారు. యజమానుల ఫిర్యాదులు ఎన్ని వస్తే విచారణ చేపట్టాలన్నది వాహన తరగతిని, ఏడాది అమ్మకాలను బట్టి మారుతుంది. ఈ నిబంధనలు ఏడేళ్ళ లోపు వాహనాలకు వర్తిస్తాయి.

## లోపం బయటపడే తీరు

లోపం గురించిన తొలి సమాచారం తరచుగా వర్క్‌షాపుల నుండే వస్తుంది. వేరువేరు ఊళ్ళలో ఒకే భాగానికి వారంటీ క్లెయిములు పెరిగితే కంపెనీ నాణ్యతా విభాగం ఆ భాగాన్ని తెప్పించి పరిశీలిస్తుంది. విడిభాగాల సరఫరాదారు తన తయారీలో పొరపాటు జరిగినట్లు తెలపవచ్చును. ప్రమాదాల దర్యాప్తు, ఇతర దేశాలలో జరిగిన రీకాల్, పరీక్షా సంస్థల నివేదిక కూడా కారణం కావచ్చును.

కారణం తెలిసిన తరువాత ఏయే బండ్లలో లోపం ఉండవచ్చునో తేల్చాలి. ఒక భాగం ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఏ లాటులో తయారైందో, అది ఏ బండ్లకు అమర్చబడిందో కర్మాగారం రికార్డులలో ఉంటుంది. అందుకే రీకాల్ ప్రకటనలలో తయారీ తేదీల హద్దులు కనిపిస్తాయి. ఒకే వీధిలో ఉన్న రెండు ఒకే మోడల్ కార్లలో ఒకటి రీకాల్ కిందకు వచ్చి, రెండవది రాకపోవడానికి కారణం ఇదే.

బండిని గుర్తించడానికి ఆధారం నంబరు ప్లేటు కాదు, ఛాసిస్ నంబరు. ఇది 17 అక్షరాలు, అంకెలతో కూడినది. సున్నా, ఒకటి అనే అంకెలతో పొరబడకుండా ఇందులో ఐ, ఓ, క్యూ అనే ఆంగ్ల అక్షరాలను వాడరు. మొదటి మూడు స్థానాలు తయారీదారును సూచిస్తాయి. ఉదాహరణకు ఎంఏ3 మారుతి సుజుకికి, ఎంఏటి టాటా మోటార్స్‌కు, ఎంఏఎల్ హ్యుందాయ్ ఇండియాకు సంకేతాలు. యజమాని మారినా, రాష్ట్రం మారి రిజిస్ట్రేషన్ మారినా ఈ నంబరు మారదు.

## డీలరు వర్క్‌షాపులో పని జరిగే క్రమం

'''సమాచారం, సామాను:''' కంపెనీ నుండి డీలర్లకు సాంకేతిక సూచనల పత్రం వస్తుంది. ఏ భాగాన్ని ఎలా పరీక్షించాలి, ఏ కొలత దాటితే మార్చాలి, ఎన్ని గంటల పని, ఏ పనిముట్లు కావాలి అన్నది అందులో ఉంటుంది. ప్రకటన వెలువడిన నాటికి కొత్త భాగాలు అన్ని ఊళ్ళకు చేరవు. అందువలన బండ్లను విడతలుగా పిలుస్తారు. మారుతి సుజుకి 2021 సెప్టెంబరులో ప్రకటించిన రీకాల్‌లో భాగాల మార్పిడి నవంబరు మొదటి వారం నుండి జరుగుతుందని తెలిపి, అంతవరకు నీళ్ళు నిలిచిన చోట్ల బండి నడపవద్దని, విద్యుత్ భాగాలపై నేరుగా నీరు చిమ్మవద్దని యజమానులకు సూచించింది.

'''బండిని చేర్చుకోవడం:''' బండి లోపలికి రాగానే సర్వీస్ అడ్వైజర్ దాని నంబరును డీలరు కంప్యూటరులో నమోదు చేస్తాడు. ఆ ఛాసిస్ నంబరుపై పూర్తికాని రీకాల్ ఉంటే తెరపై కనిపిస్తుంది. యజమాని ఆయిల్ మార్పిడికి వచ్చినా సరే, ఆ పనిని కూడా జాబ్ కార్డులో చేరుస్తారు. ఈ సమాచారం అధీకృత వర్క్‌షాపు కంప్యూటరులో ఉంటుంది. స్థానిక మెకానిక్ ఎంత నిపుణుడైనా అతని వద్ద ఈ వివరం ఉండదు.

'''మరమ్మత్తు:''' లోపాన్ని బట్టి పని మారుతుంది. ముఖ్యమైన రకాలు:

* ఇంధన పంపు: ముందుగా గొట్టాలలోని పీడనాన్ని తగ్గించి, నిప్పుకు దూరంగా, మంటలార్పే సాధనాన్ని దగ్గర ఉంచుకొని పంపును లేదా దాని సీలును మారుస్తారు. తరువాత ఇంజను నడిపి ఎక్కడా కారడం లేదని చూస్తారు.
* ఎయిర్‌బ్యాగు: బ్యాటరీ తీగను తొలగించి, నిల్వ ఉన్న విద్యుత్తు పోయేవరకు కొంతసేపు ఆగిన తరువాతే చేయి పెడతారు. లేకపోతే పని చేస్తున్నవారి ముఖంపైనే ఎయిర్‌బ్యాగు విచ్చుకునే ప్రమాదం ఉంది.
* స్టీరింగు టై రాడ్: కొత్త రాడ్ బిగించాక చక్రాల అలైన్‌మెంటు సరిచూడాలి. లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు త్వరగా అరుగుతాయి.
* సాఫ్ట్‌వేర్: ఏ భాగమూ మారదు. బండికి యంత్రాన్ని తగిలించి కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తారు. మధ్యలో బ్యాటరీ బలహీనమైతే కంట్రోల్ యూనిట్ పాడు కావచ్చును కనుక విడిగా ఛార్జరు తగిలిస్తారు.

పరీక్షలో భాగం బాగానే ఉన్నదని తేలితే మార్చరు. బండిని పరీక్షించినట్లు మాత్రం నమోదు చేస్తారు. అనేక రీకాల్‌లు 'పరీక్షించి అవసరమైతే మార్చడం' అనే పద్ధతిలోనే జరుగుతాయి.

'''ముగింపు:''' పని అయ్యాక బండిని నడిపి చూసి, ఆ ఛాసిస్ నంబరుపై రీకాల్ పూర్తయినట్లు కంప్యూటరులో నమోదు చేస్తారు. తీసిన భాగానికి చీటీ కట్టి కంపెనీకి పంపుతారు, లేదా తిరిగి వాడకుండా ధ్వంసం చేస్తారు. పాత భాగం మళ్ళీ మార్కెట్టులోకి వెళ్ళకుండా ఉండడానికి ఇది అవసరం. భాగం ఖరీదును, నిర్ణీత గంటల కూలిని కంపెనీ డీలరుకు చెల్లిస్తుంది. యజమాని బిల్లులో ఆ పనికి ఎదురుగా సున్నా ఉండాలి.

ఈ కూలి యజమానులు చెల్లించే మామూలు కూలికన్నా తక్కువగా ఉండవచ్చును. అందువలన రద్దీగా ఉన్న రోజులలో రీకాల్ పనిని వాయిదా వేసే అవకాశం ఉంది. రీకాల్ కోసమే వచ్చిన బండికి ఇతర పనులు అంటగట్టే సందర్భాలూ ఉంటాయి. వాటిని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం యజమాని ఇష్టం. రీకాల్ పనికి అవి షరతు కావు.

## కొన్ని ఉదాహరణలు

* 2020 జూలై: మారుతి సుజుకి 1,34,885 వేగనార్, బలెనో కార్లు. ఇంధన పంపు.
* 2020 నవంబరు: మారుతి సుజుకి 40,453 ఈకో బండ్లు. హెడ్‌ల్యాంపుపై ఉండవలసిన ప్రామాణిక గుర్తు లేకపోవడం. రీకాల్ అన్నిసార్లూ యంత్రభాగం విరగడం వలననే జరగదనడానికి ఇది ఉదాహరణ.
* 2021 మే: రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 మోటారు సైకిళ్ళు (భారత్ మరియు ఇతర దేశాలు). ఇగ్నిషన్ కాయిల్.
* 2021 జూలై: మహీంద్రా 29,878 పికప్ బండ్లు. ద్రవం ప్రవహించే గొట్టం అమరిక.
* 2022 ఏప్రిల్: హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ 2,000 విద్యుత్ స్కూటర్లు. నిజామాబాదులో ఒక ఇంట్లో ఛార్జింగులో ఉన్న స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించిన తరువాత ఈ రీకాల్ జరిగింది.
* 2022 అక్టోబరు: కియా ఇండియా 44,174 కేరెన్స్ కార్లు. ఎయిర్‌బ్యాగు కంట్రోల్ యూనిట్ సాఫ్ట్‌వేర్. ఈ కార్లు శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండ వద్దనున్న కర్మాగారంలో తయారైనవి.
* 2023 జనవరి: మారుతి సుజుకి 17,362 కార్లు. ఎయిర్‌బ్యాగు కంట్రోలర్. భాగం మార్చేవరకు బండి నడపవద్దని కంపెనీ సూచించింది.
* 2023 జూలై: మారుతి సుజుకి 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లు. స్టీరింగు టై రాడ్ విరిగే అవకాశం.

## మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో

ఈ మూడు పట్టణాలు ఉమ్మడి చిత్తూరు జిల్లా పశ్చిమ భాగంలో 42వ జాతీయ రహదారిపై ఉన్నాయి. అనంతపురం వైపు నుండి వచ్చే ఈ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. మదనపల్లె నుండి కుప్పానికి సుమారు 100 కిలోమీటర్లు. కుప్పం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల కూడలిలో ఉంది.

ఈ ప్రాంతంలో రీకాల్ మరమ్మత్తుకు మూడు అంశాలు ముఖ్యమైనవి.

మొదటిది దూరం. షోరూం ఉన్న ప్రతిచోటా పూర్తిస్థాయి వర్క్‌షాపు ఉండదు. కొన్ని చోట్ల అమ్మకాలు మాత్రమే జరుగుతాయి. కొన్ని చోట్ల చిన్న సర్వీసు కేంద్రం ఉన్నా, ఎయిర్‌బ్యాగు వంటి పనులకు పెద్ద కేంద్రానికి వెళ్ళవలసి రావచ్చును. మరమ్మత్తు ఉచితమే అయినా దారి ఖర్చు, ఒక రోజు సంపాదన యజమానివే. మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలే పికప్ బండికి, పాలబండికి, బాడుగ కారుకు ఒక రోజు ఆగడమంటే ఆ రోజు కూలి పోయినట్లే. ఈ కారణంగా పిలుపు అందినవారు కూడా కోత కాలం ముగిసేవరకు పనిని వాయిదా వేసుకుంటారు. ముందుగా ఫోను చేసి, భాగం వచ్చిందని నిర్ధారించుకొని, సమయం తీసుకొని వెళితే ఒక్క ప్రయాణంతో పని ముగుస్తుంది.

రెండవది రాష్ట్రాల సరిహద్దు. బెంగళూరులోనో, కృష్ణగిరిలోనో కొన్న బండి కుప్పంలో తిరుగుతూ ఉండవచ్చును. కంపెనీ వద్ద ఉండేది ప్రధానంగా అమ్మకం నాటి చిరునామా, చివరి సర్వీసు నాటి ఫోను నంబరు. బండి చేతులు మారితే ఉత్తరం పాత యజమానికే వెళుతుంది. రీకాల్ మరమ్మత్తు మాత్రం కొన్నచోటనే చేయించాలన్న నియమం లేదు. అదే కంపెనీకి చెందిన ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా, ఏ రాష్ట్రంలోనైనా చేయించుకోవచ్చును. కుప్పం వాసికి కృష్ణగిరి దగ్గరైతే అక్కడికి వెళ్ళవచ్చును.

మూడవది స్థానిక గ్యారేజీలు. ఉచిత సర్వీసులు, వారంటీ ముగిసిన తరువాత చాలామంది తమకు తెలిసిన మెకానిక్ వద్దకే వెళతారు. ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ. దీనిలో తప్పు లేదు. కాని ఆ బండి ఛాసిస్ నంబరు కంపెనీ కంప్యూటరులో మళ్ళీ నమోదు కాదు కనుక, తరువాత ప్రకటించిన రీకాల్ యజమానికి తెలియకుండానే మిగిలిపోతుంది. కంపెనీ అమ్మకాలు నిలిపివేసిన బండ్ల విషయంలో ఇది మరింత కష్టం. జనరల్ మోటార్స్ 2017లో భారతదేశంలో అమ్మకాలు ఆపింది. అటువంటి పాత బండ్లకు అధీకృత కేంద్రాన్ని వెదకడమే మొదటి పని అవుతుంది.

## యజమాని చేయవలసినవి

# ఆర్.సి.లో ఉన్న ఛాసిస్ నంబరును రాసి పెట్టుకోవాలి.
# కంపెనీ వెబ్‌సైటులోని రీకాల్ విభాగంలో ఆ నంబరును చేర్చి చూడాలి. ఏడాదికి రెండుసార్లయినా చూడడం మంచిది. వెబ్‌సైటు వాడలేనివారు ఏదైనా అధీకృత వర్క్‌షాపులో అడిగితే చూసి చెబుతారు.
# పాత బండి కొనేముందే ఈ పరిశీలన చేయాలి. కొన్న తరువాత యాజమాన్య మార్పిడితో పాటు కంపెనీ వద్ద తన పేరు, ఫోను నంబరు నమోదు చేయించుకోవాలి.
# 'నడపవద్దు' అనే సూచన ఉంటే బండిని కదపకుండా, వర్క్‌షాపువారినే వచ్చి తీసుకువెళ్ళమని కోరాలి.
# పని పూర్తయ్యాక జాబ్ కార్డు నకలు తీసుకొని బండి కాగితాలతో ఉంచాలి. బండి అమ్మేటపుడు ఇది ఉపయోగపడుతుంది.

రీకాల్ పేరుతో డబ్బు, బ్యాంకు వివరాలు లేదా ఓటీపీ అడిగే ఫోనులను నమ్మరాదు. ఉచిత మరమ్మత్తుకు అవి అవసరం లేదు.

## ఫిర్యాదు మార్గాలు

రీకాల్ పనిని నిరాకరించినా, దానికి సొమ్ము వసూలు చేసినా మొదట కంపెనీ వినియోగదారుల విభాగానికి రాతపూర్వకంగా తెలపాలి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చును. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చును. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులను జిల్లా కమిషన్ విచారిస్తుంది. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలును ఈ చట్టం కల్పించింది. దీనివలన బెంగళూరులో బండి కొన్న కుప్పం వాసి కేసు కోసం బెంగళూరు వెళ్ళనక్కరలేదు. అదే లోపం తన బండి ఒక్కదానిలోనే కాక ఆ రకం బండ్లన్నిటిలో ఉన్నదని అనుమానమైతే, కేంద్ర రోడ్డు రవాణా శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. విచారణ మొదలవడానికి ఫిర్యాదుల సంఖ్య లెక్కలోకి వస్తుంది కనుక, ఒక్కొక్క ఫిర్యాదుకూ విలువ ఉంటుంది.

## ఇవి కూడా చూడండి

* మోటారు వాహనాల చట్టం
* వినియోగదారుల రక్షణ చట్టం
* ఎయిర్‌బ్యాగ్
* జాతీయ రహదారి 42
* మదనపల్లె
* పుంగనూరు
* కుప్పం